గుండె, కాలేయం, సున్నం: ఒక కొలత చరిత్ర

ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలను వరసగా ముందు పెట్టుకుని చదివితే ఒక సంగతి తేటపడుతుంది. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కుని ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యాడు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నాడు. 1922లో బోస్టన్ చేరాడు. నోబెల్ రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశాడు. వ్యాసం సాధారణంగా అక్కడితో అయిపోతుంది. పేదరికం, పట్టుదల, పరాభవం, పరాయిదేశం, అన్యాయం - ఇన్నీ ఉంటాయి. ప్రయోగశాలలో కూర్చుని ఆ మనిషి చేసిన పనేమిటన్నది మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో, అదీ మందుల జాబితాగా, తేలిపోతుంది.

ఇవన్నీ నిజాలే. నా ఫిర్యాదు వీటి మీద కాదు. ఒక కవిని గురించి రాసేటప్పుడు అతని కష్టాలన్నీ చెప్పి కవిత్వాన్ని గురించి ఒక్క మాట కూడా చెప్పకపోతే దాన్ని మనం విమర్శ అనం. శాస్త్రజ్ఞుడి విషయంలో ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ఇందుకు రెండోవైపు కూడా ఉంది. మా పాఠశాలలో చదువుకుని తిరుపతిలో జీవరసాయనశాస్త్రం ఎం.ఎస్సీ. చేసిన ఒక అమ్మాయి తన ప్రాక్టికల్ రికార్డు చూపించింది. అందులో ఒక పుట మీద 'ఫిస్కే-సుబ్బారో పద్ధతి' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చివర ఉన్న రూపాన్ని బట్టి తరగతి అంతా 'సుబ్బారో' అనే పలుకుతారట. "ఈయన జపాన్ ఆయనా సార్?" అని అడిగింది. ఆ పద్ధతిలో ఫాస్ఫరస్‌ను ఆమె పదిసార్లయినా కొలిచి ఉంటుంది, చేతికి వచ్చిన పని. పేరు తెలిసిన తెలుగు పండితుడికి పని తెలియదు, పని తెలిసిన తెలుగు విద్యార్థికి పేరు తెలియదు. ఈ రెండు సగాలూ ఒకే జిల్లాలో ఒకే బస్సులో ప్రయాణం చేస్తూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. వాటిని ఒకచోట కూర్చోబెట్టాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు నేను ఎన్నుకున్న వస్తువు పెద్ద పేరున్నది కాదు. గుండె కణాల్లోనూ కాలేయ కణాల్లోనూ ఉండే మైటోకాండ్రియాలోకి కాల్షియం ఎలా పోతుంది, ఎలా బయటికి వస్తుంది అన్న ప్రశ్న. దాని చరిత్రకు ఒక చివర సుబ్బారావు ఉన్నాడు, మరొక చివర మరో తెలుగు పేరు ఉంది. మధ్యలో ఉన్న ఎనభై ఆరేళ్లే అసలు చరిత్ర.

మొదట ఆ పద్ధతి సంగతి. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి ప్రచురించినది రంగుతో ఫాస్ఫరస్‌ను లెక్కకట్టే విధానం. రక్తంలోనో కండరంలోనో ఉన్న మాంసకృత్తులను ఆమ్లంతో విరిచి వడగడతారు. పాలు విరగ్గొట్టి తేట తీసినట్టే. ఆ తేటలో మాలిబ్డేట్ అనే లవణం కలిపితే అది ఫాస్ఫేటును పట్టుకుంటుంది. మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన పరిమాణంతో చేసిన మరో నీలం పక్కన పెట్టి పోల్చితే లెక్క వస్తుంది. ఇంతకుముందు కూడా ఇలాంటి పద్ధతులు ఉండేవి. కానీ వాటిలో రంగు నిలకడగా ఉండేది కాదు, ఇతర పదార్థాలు అడ్డం వచ్చేవి. వీళ్లు చేసింది ఆ రంగును నమ్మదగిందిగా మార్చడం. కొలబద్ద చేయడం గొప్ప పనిగా మనకు కనపడదు. నాగలి చేసిన వడ్రంగి పేరు పంటకు పెట్టరు గదా!

ఆ నీలం దగ్గరే ఒక చిక్కు ఎదురైంది. కండరపు తేటలో రంగు ఒక్కసారిగా రాలేదు, నిదానంగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే పద్ధతి సరిగా పనిచేయలేదని పారబోసేవారు. వాళ్లు పారబోయలేదు. పరీక్ష నడుస్తుండగానే ఏదో ఒక బలహీనమైన పదార్థం విరిగి ఫాస్ఫేటును వదులుతున్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో అదే పదార్థాన్ని తమ దారిలో పట్టుకున్నారు. 1929లో 'సైన్స్' పత్రికలో ఫిస్కే, సుబ్బారావు మరొక చిన్న రచన వేశారు. దాని శీర్షికను తెలుగులో చెప్పుకుంటే కండరంలోనూ కాలేయంలోనూ ఉన్న ఫాస్ఫరస్ పదార్థాలు అని. అందులో ఉన్నది ఏ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న సిద్ధాంతానికి అప్పటికే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అంది ఉంది. ఆ సిద్ధాంతాన్ని కదిలించిన పనుల్లో ఈ నీలిరంగు పరీక్ష ఒకటి. నోబెల్ రాలేదని వగచేవాళ్లు, నోబెల్ పొందిన సిద్ధాంతాన్ని ఆయన పని ఎలా సడలించిందో రాస్తే ఆయనకు ఎక్కువ గౌరవం చేసినవాళ్లవుతారు.

కండరం, కాలేయం. ఈ జంటను పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాతి కథంతా ఆ రెంటి మధ్యే నడుస్తుంది, కండరం స్థానంలో గుండె వస్తుంది.

మన భాషలో ఈ రెండు అవయవాలకూ సమాన గౌరవం లేదు. గుండెకు ధైర్యం, దిగులు, ప్రేమ అన్నీ కట్టబెట్టాం. గుండె చెరువవుతుంది, గుండె రాయవుతుంది. కాలేయానికి కావ్యంలో చోటు లేదు. అది మాంసం కొట్టులోనే బతుకుతుంది. కోస్తాలో కార్జం, హైదరాబాదులో కలేజా, తమిళం కలిసిన మా చిత్తూరు వీధుల్లో ఈరల్ అని కూడా వినిపిస్తుంది. కాల్షియం అంటే మనకు సున్నం: తాంబూలంలోకి, గోడలకు, ఎముకలకు. సున్నంలోకి ఎముక మిగలకుండా కొడతానని బెదిరిస్తాం. ఆ సున్నపు ధాతువు ఎముకలో ఇటుకలా పడి ఉండటమే కాదు, కణంలో వార్తాహరుడిలా తిరుగుతుందన్న ఎరుక ప్రపంచానికే ఆలస్యంగా వచ్చింది.

వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీళ్లలో ఆడించాడు. గుండె చక్కగా కొట్టుకుంది. తర్వాత పరిశుద్ధమైన నీళ్లతో అదే ద్రావణం చేస్తే కొట్టుకోలేదు. విచారించగా మొదటి ద్రావణం ఊరి కుళాయి నీళ్లతో కలిపిందని తేలింది. ఆ కుళాయి నీళ్లలో సున్నం ఉంది. 1883లో రింగర్ తన మొదటి రచనను తానే సవరిస్తూ, నీటి సరఫరా కంపెనీ పేరుతో సహా, ఆ సంగతి ప్రకటించాడు. గుండె ఆడటానికి కాల్షియం కావాలన్న మొదటి సాక్ష్యం ఒక ఊరి కుళాయి ఇచ్చింది.

మైటోకాండ్రియా అన్న పేరు 1898లో కార్ల్ బెండా పెట్టాడు, గ్రీకులో దారం, గింజ అన్న మాటలను కలిపి. కంటికి కనపడటం వేరు, చేతికి చిక్కటం వేరు. వాటిని పాడుకాకుండా బయటికి తీసే ఉపాయం 1948లో హోగ్‌బూమ్, ష్నైడర్, పలాడ్ చూపించారు. ఆ ఉపాయం చక్కెర నీళ్లు. ఎలుక కాలేయాన్ని మంచులో పెట్టిన చక్కెర ద్రావణంలో మెత్తగా నూరి, గిర్రున తిప్పే యంత్రంలో ముందు నెమ్మదిగా తిప్పితే బరువైన కేంద్రకాలు అడుగున పడతాయి. పైతేటను మరింత వేగంగా తిప్పితే మైటోకాండ్రియా పడతాయి. మజ్జిగ చిలికే ఇల్లాలికి ఈ సూత్రం కొత్తది కాదు. దాదాపు అప్పుడే కెనెడీ, లెనింజర్ ఇద్దరూ కణంలో ఆహారం మండి ఏ.టి.పి. తయారయ్యేది ఈ గింజల్లోనే అని నిరూపించారు. సుబ్బారావు కండరంలోనూ కాలేయంలోనూ చూసిన పదార్థానికి కార్ఖానా దొరికింది. ఆయన ఆ ఏడాదే చనిపోయాడు.

కాలేయమే ఎందుకంటే మెత్తగా ఉంటుంది, ఒక్క ఎలుకలో కావలసినంత దొరుకుతుంది, కణాలు చాలావరకు ఒకే రకం. గుండె నార నారగా ఉంటుంది, సులభంగా నలగదు. అందువల్ల ఈ శాస్త్రంలో చాలా సత్యాలు ముందు కాలేయ సత్యాలు. వాటిని గుండెకు కూడా వర్తింపజేసి చాలాకాలం నెట్టుకొచ్చారు. కృష్ణాజిల్లా జీవితాన్ని రాసి దానికి తెలుగు జీవితమని పేరు పెట్టే అలవాటు మన కథా విమర్శలో లేదా? రాయలసీమవాడిగా నాకు ఈ పోలిక తోచకుండా ఉండదు.

1953లో స్లేటర్, క్లీలాండ్ గుండె మైటోకాండ్రియా తీస్తున్నప్పుడు అవి చుట్టూ ఉన్న కాల్షియాన్ని పట్టి ఉంచుకుంటున్నట్టు గమనించారు. అప్పటికి అదొక ఇబ్బందిగానే, సరుకు చెడగొట్టే మలినంగానే కనపడింది. 1961, 62 సంవత్సరాల్లో డిలూకా, ఎంగ్‌స్ట్రామ్ ఒకచోటా వాసింగ్టన్, మర్ఫీ మరొకచోటా ఎలుక మూత్రపిండాల మైటోకాండ్రియా కాల్షియాన్ని తామే శక్తి ఖర్చుపెట్టి లోపలికి లాక్కుంటాయని తేల్చారు. 1963లో బాల్టిమోర్‌లో లెనింజర్, ఆయన దగ్గరి ఇటలీ యువకుడు కార్లో రొస్సి మొదలైనవాళ్లు ఎలుక కాలేయంలో లెక్కలు కట్టారు. కాల్షియంతో పాటు ఫాస్ఫేటు కూడా లోపలికి పోతోంది, ఒక ఫాస్ఫేటుకు సుమారు 1.67 కాల్షియం చొప్పున. అది ఎముకలోని సున్నపు రాతి నిష్పత్తే! కాలేయంలోని కంటికి కనపడని గింజ తన కడుపులో చిన్న ఎముకను పోగుచేస్తోందన్నమాట.

ఇక్కడే నా మొదటి మాటకు ఆధారం ఉంది. ఫాస్ఫేటు లెక్క లేకుండా ఈ శాఖ ఒక అడుగు కూడా నడవదు. ఆ తరం జీవరసాయన ప్రయోగశాలల్లో ఫాస్ఫేటు కొలతకు అందరూ ఎరిగిన దారి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, దాని మీద వచ్చిన సవరణలూ. బాల్టిమోర్‌లో కానీండి, తిరుపతిలో కానీండి, పరీక్షనాళికలో ఆ నీలం పుట్టింది. పేరు క్రియగా మారిపోయింది. ఒక రచయితకు ఇంతకన్న పెద్ద స్థానం ఏముంటుంది? వేమన పేరు తెలియకుండా వేమన మాట వాడేవాళ్లు లేరా?

కాల్షియాన్ని లోపలికి లాగే బలమేమిటి? 1961లో పీటర్ మిచెల్ చెప్పిన సిద్ధాంతం దీనికి జవాబిచ్చింది. ఆహారం మండినప్పుడు మైటోకాండ్రియా లోపలి పొర గుండా హైడ్రోజన్ అయాన్లు బయటికి తోయబడతాయి. లోపలి వైపు రుణవిద్యుత్తు నిలుస్తుంది, సుమారు 180 మిల్లీవోల్టులు. వినడానికి స్వల్పం. కానీ ఆ పొర మందం చూస్తే మెరుపు దగ్గర ఉండే ఒత్తిడితో పోల్చదగినంత తీవ్రత. రెండు ధన ఆవేశాలున్న కాల్షియం ఆ లాగుడుకు లోపలికి జారిపోతుంది. లెక్క ప్రకారం ఆపేవాళ్లు లేకపోతే బయటికన్న లోపల పది లక్షల రెట్లు పోగుపడాలి. మిచెల్‌ను చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1978లో నోబెల్ వచ్చింది.

అంత పోగుపడితే కార్ఖానా పగిలిపోతుంది గనక బయటికి పోయే దారి ఉండి తీరాలి. 1974లో కరఫోలి బృందం గుండె మైటోకాండ్రియా మీద సోడియం చల్లి చూసింది. కాల్షియం బయటికి వచ్చేసింది. కాలేయంలో అదే పని చేస్తే ఆ జోరు లేదు, అక్కడ ప్రధానంగా సోడియంతో పనిలేని మరో దారి. లోపలికి వచ్చే వాకిలి ఒక్కటే, పెరటి దారులు వేరు. ఈ తేడా నాకు ఈ చరిత్రలో అన్నిటికన్న విలువైన భాగంగా కనపడుతుంది. గుండె నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ కణంలో కాల్షియం పొంగి తగ్గుతుంది. దాని మైటోకాండ్రియా కణంలో మూడోవంతు స్థలం ఆక్రమించి ఉంటాయి. అక్కడ లోపలికి వచ్చినది చప్పున బయటికి పోయే ఏర్పాటు కావాలి. కాలేయానికి ఆ తొందర లేదు, హార్మోన్లు పిలిచినప్పుడు కదిలే అలలే దానికి ముఖ్యం. ఒకే యంత్రం, చేసే పనిని బట్టి వేరు వేరుగా అమరింది. పరిస్థితులు రూపాన్ని నిర్ణయిస్తాయని మనం ఉపన్యాసాల్లో చెప్పే మాటను ఒక గ్రాములో కోట్ల వంతు కాల్షియంతో ఎవరో నిరూపించి పెట్టారు, మనం చూడలేదు.

తర్వాత ఈ రంగానికి అనుమానాల కాలం వచ్చింది. బతికున్న కణంలో కాల్షియం చాలా తక్కువగా ఉంటుంది, వాకిలి తెరుచుకోవడానికి కావలసినదాంట్లో చిన్న అంశం కూడా కాదు. అలాంటప్పుడు పరీక్షనాళికలో చూసిన ఈ లాగుడు నిజజీవితంలో జరుగుతుందా? 1980ల్లో చాలామంది ఆసక్తి వదులుకున్నారు. వదలనివాళ్లలో ఇంగ్లండులో డెంటన్, మెక్‌కార్మాక్ ఉన్నారు. మైటోకాండ్రియాలోని కొన్ని ఎంజైములు స్వల్ప కాల్షియానికే చురుకెక్కుతాయనీ, పని పెరిగినప్పుడు ఏ.టి.పి. తయారీ పెంచమని కాల్షియమే కబురు చెబుతుందనీ వాళ్ల వాదన. 1992లో రిజుటో తదితరులు సముద్రపు జెల్లీచేపలోని మెరిసే ప్రోటీనును మైటోకాండ్రియాలోకి పంపి, బతికున్న కణంలో కాల్షియం లోపలికి పొంగడాన్ని వెలుగుగా చూశారు. కణంలోని కాల్షియం గిడ్డంగులకు మైటోకాండ్రియా మరీ దగ్గరగా ఉంటాయి, ఆ సందులో సాంద్రత ఎక్కువ. ఊరంతటి సగటు తీసి సంతవీధిలో జనం లేరనడం లాంటిదే ఆ పాత అనుమానం.

ఈ చర్చ పండితుల వినోదం కాదు. మా జిల్లాలో గుండెపోటు వస్తే తిరుపతికో వేలూరుకో పరుగెడతారు. పూడిన రక్తనాళం తెరుచుకుని రక్తం తిరిగి పారినప్పుడు, అప్పటిదాకా ఎండిన గుండె కణాల్లోకి కాల్షియం వరదలా వస్తుంది. మైటోకాండ్రియా దాన్ని మింగి, మింగి, పొరలో కన్నం పడి చస్తాయి. ప్రాణం పోసే రక్తమే కొన్ని కణాలకు మృత్యువు. వైద్యులు దీన్ని ఆపే మార్గం వెతుకుతూనే ఉన్నారు.

వాకిలి ఉందని అందరికీ తెలుసు, రుథీనియం రెడ్ అనే ఎర్రరంగుతో దాన్ని మూయొచ్చని 1971లోనే తెలుసు. ఆ వాకిలి ఏ ప్రోటీనో మాత్రం యాభై ఏళ్లు దొరకలేదు. దొరికించుకున్న ఇద్దరిలో ఒకరు పాదువాలోని రిజుటో బృందం, రెండోది బోస్టన్‌లో వంశీ మూతా బృందం. మూతా తెలుగు కుటుంబంలోంచి వచ్చి టెక్సాస్‌లో పెరిగినవాడు, మొదట గణితం చదివి తర్వాత వైద్యుడైనవాడు. 2014లో పద్మశ్రీ వచ్చింది. మనవాడికి పద్మశ్రీ అన్న ఉత్సాహం మనకు చాలు. ఆయన చేసిన పని ఏమిటో ఆ ఉత్సాహంలో ఎవరూ అడగరు. సుబ్బారావు విషయంలో కన్నీళ్లు అడ్డొచ్చాయి, ఇక్కడ చప్పట్లు అడ్డొస్తున్నాయి.

చేసిన పని ఇది. 2008లో ఆయన బృందం ఎలుక శరీరంలోని పద్నాలుగు రకాల కణజాలాల నుంచి మైటోకాండ్రియా తీసి, 1098 ప్రోటీన్ల జాబితా తయారుచేసింది. జనాభా లెక్క. ఆ తర్వాత ఒక పాత కాగితం ఉపయోగపడింది. 1970, 71 సంవత్సరాల్లో కరఫోలి, లెనింజర్ రకరకాల జీవుల మైటోకాండ్రియాను పరీక్షించి, ఈస్టు మైటోకాండ్రియాకు ఈ కాల్షియం లాగుడు లేదని రాసి పెట్టారు. లేదు అన్న ఫలితానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. తర్వాత ఇంకెవరో ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవిలో ఆ లాగుడు ఉందని చూశారు. ఉన్నచోట ఉండి, లేనిచోట లేని ప్రోటీను ఏది అని 1098 పేర్లను జల్లెడ పట్టారు. ఇరవైలోపు మిగిలాయి. వాటిలోంచి 2010లో వాకిలి దగ్గర కావలి కాసే ప్రోటీను దొరికింది. ఆ కావలివాడితో పాటు ఎవరెవరు కలిసి తిరుగుతున్నారో వెతికితే 2011లో వాకిలే దొరికింది. అప్పటిదాకా దానికి పేరు లేదు, జన్యు పట్టికలో సర్వే నంబరులాంటి ఒక గుర్తు మాత్రం ఉంది. బతికున్న చిట్టెలుక కాలేయంలో ఆ జన్యువు నోరు మూస్తే మైటోకాండ్రియా కాల్షియం తీసుకోవడం దాదాపు నిలిచిపోయింది. కాలేయమే మళ్లీ సాక్ష్యం చెప్పింది. పాదువావాళ్లు అదే ప్రోటీనును విడిగా తీసి కృత్రిమ పొరలో పెట్టి కాల్షియాన్ని పోనిచ్చి చూపించారు. రెండు రచనలూ 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వచ్చాయి.

ఇది ఒక మేధావి ఒంటరిగా చేసిన అద్భుతం కాదనడం ఆయన్ను తగ్గించడం కాదు. నలభై ఏళ్ల కిందటి 'లేదు' అన్న ఫలితాన్ని విలువైన సాక్ష్యంగా చదవడం ఆయన బృందం ప్రతిభ. మంచి సాహిత్య చరిత్రకారుడు కూడా అచ్చయి మరుగునపడిన చిన్న పత్రికలను అలాగే చదువుతాడు.

గుండె దగ్గర కథ ఇంకా మలుపు తిరిగింది. 2013లో ఆ వాకిలి లేని చిట్టెలుకలను పుట్టిస్తే అవి బతికాయి, గుండె మామూలుగానే కొట్టుకుంది. సిద్ధాంతం కూలిపోయిందా అనుకున్నారు. 2015లో ఎదిగిన ఎలుకల గుండెలో మాత్రమే వాకిలి తీసేసి చూస్తే, విశ్రాంతిలో తేడా లేదు. ఆపద వచ్చి గుండె ఒక్కసారిగా వేగం పెంచవలసినప్పుడు పెంచలేకపోయింది.

ఇంతటి విషయాన్ని తెలుగులో రాయడానికి మాటలు లేవన్న వాదం నేను ఒప్పుకోను. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కాలంలోనే ఆ వాదం చెల్లలేదు. కొడవటిగంటి కుటుంబరావు, మహీధర నళినీమోహన్, రోహిణీప్రసాద్ రాసి చూపించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదాలు పోగుచేసింది. పై పేరాల్లో నేను వాడినవి వాకిలి, పెరటి దారి, కావలి, జల్లెడ. వీటిలో ఒక్కటి కూడా నిఘంటువు వెతికి తెచ్చింది కాదు. లోపం మాటల్లో లేదు. శాస్త్రాన్ని జీవితచరిత్రగా తప్ప పనిగా చదవని మన అలవాటులో ఉంది. సాహిత్య విద్యార్థులు సుబ్బారావు మీద సెమినార్ పత్రం రాస్తే 1925, 1929 రచనల్లో ఒకదాన్నయినా ముందు పెట్టుకుని రాయాలి. నాలుగు మైళ్ల దూరంలోనో నాలుగు గోడల అవతలో జీవరసాయన శాఖ ఉంటుంది. ఆ నీలిరంగు పుట్టడాన్ని ఒకసారి కంటితో చూసి రావచ్చు, పది నిమిషాల పని.

ప్రస్తుతానికి గుండె పెరటి దారికి 2010లో ఒక ప్రోటీనును చూపారు, ఆ తర్వాత దాని మీదా చర్చ లేచింది. కాలేయపు పెరటి దారికి 2009లో ఒకదాన్నీ 2022లో మరొకదాన్నీ ప్రతిపాదించారు. వాటి మీద తగువు తెగలేదు.